ఆఖరున ఎక్కించేది

నేను సామాను ముట్టుకోను. బండి నాది, స్టీరింగు నాది, దారి నాది. బీరువాలూ మంచాలూ మొయ్యడానికి వేరే మనుషులున్నారు. ఇల్లు మారేవాళ్ళు ఒక్కోసారి "ఊరికే నిలబడే బదులు ఓ చెయ్యి వెయ్యొచ్చుగా డ్రైవరూ" అంటారు. నా నడుం పడిపోతే బండి మీరు తోలతారా అని అడుగుతాను. ముక్కు మీద కోపం మనిషినని నాకు పేరుంది. అదేం అన్యాయంగా వచ్చిన పేరు కాదు.

నా బండి మీద ఇద్దరు హమాలీలు పనిచేసేవాళ్ళు. ఒకణ్ణి అందరం నిచ్చెన అనేవాళ్ళం, రెండోవాణ్ణి బొంగరం. ఆ పేర్లే చాలు కనక వర్ణించే శ్రమ నాకు లేదు. నిచ్చెన ఏ గుమ్మం దాటాలన్నా తల వంచాల్సిందే. బొంగరం పొట్టిగా, గుండ్రంగా, గట్టిగా ఉండేవాడు. ఒకచోట కుదురుగా నిలబడమంటే వాడికి శిక్ష వేసినట్టుండేది. ఇద్దరూ పక్కపక్కన నడిచొస్తుంటే ఇల్లు ఖాళీ చేసేవాళ్ళ మొహంలో ముందు నవ్వు, వెంటనే భయం కనబడేవి. వీళ్ళ మధ్య మా ఫ్రిజ్జు ఏ పక్కకి ఒరుగుతుందో అని ఆ భయం.

మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ భయం పోయేది. దిగేటప్పుడు నిచ్చెన కింద చివర పట్టుకుని వెనక్కి నడిచేవాడు, బొంగరం పై చివర పట్టుకునేవాడు. నేల మీద ఎగుడుదిగుడుగా ఉన్నవాళ్ళు మెట్ల మీద సరిసమానమైపోయేవాళ్ళు. బరువు ఎటూ ఒరిగేది కాదు. ఇద్దరి మొహాలూ ఎదురెదురుగా, ఒకే ఎత్తులో ఉండేవి. వెనక్కి నడిచేవాడికి మెట్టు కనబడదు కాబట్టి పైవాడు చూసి చెప్పాలి. "మెట్టు... మెట్టు... మలుపు" అని బొంగరం పిలుస్తుంటే, నిచ్చెన వాడి మొహంకేసి చూస్తూ సొంత ఇంట్లో తిరిగినట్టు దిగిపోయేవాడు. కబుర్లన్నీ కూడా అప్పుడే. "మా అత్తగారు, మెట్టు, మళ్ళీ వచ్చిందిరా, మెట్టు, ఈసారి మకాం పెట్టేట్టుంది, మలుపు, మెట్టు." కింద బండిలో కూర్చుని నేను ఇదంతా వినేవాణ్ణి. నవ్వొచ్చినా నవ్వేవాణ్ణి కాదు. డ్రైవరు నవ్వితే హమాలీలు నెత్తికెక్కుతారు.

మీసాలు మొలవకముందు నించీ వాళ్ళది ఒకే జట్టు. బొంగరానికి పెళ్ళైంది, నిచ్చెనకి కాలేదు. బొంగరం పెళ్ళి తరవాత కూడా నిచ్చెన భోజనం ఎప్పట్లాగే బొంగరం ఇంట్లోనే. బొంగరం భార్య బట్టలు కుడుతుంది. ఆవిడ నిచ్చెనని అన్నయ్యా అంటుంది, నన్ను డ్రైవరన్నయ్యా అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను. నాకు కోపమొచ్చినప్పుడు కూడా ఆ పిలుపు వింటే కాస్త తగ్గుతుంది.

పనిలో బొంగరానికి రెండు పట్టుదలలుండేవి. ఒకటి, బరువు అడగడం. దేన్నైనా ఎత్తే ముందు ఒక మూల కొంచెం లేపి, మళ్ళీ దించి, అదెంత ఉందో చేతులకి తెలియజెయ్యాలి. "అడక్కుండా ఎత్తితే చెప్పకుండా పడుతుంది" అనేవాడు. రెండోది, బండి సర్దడం. కొత్త ఇంట్లో ముందు ఏం కావాలో అది ఆఖరున ఎక్కించాలి, అప్పుడే ముందు దిగుతుంది. పాలు తాగే పిల్ల ఉన్న ఇంటికి పొయ్యి ఆఖరున. పరీక్షలు రాసే పిల్ల ఉంటే పుస్తకాల పెట్టె ఆఖరున. ఇల్లు ఖాళీ చెయ్యడానికి వెళ్ళగానే వాడు సామాను చూసేవాడు కాదు, మనుషుల్ని చూసేవాడు. ముందు ఎవరికి ఏం కావాలో కనిపెట్టాక గాని తాడు విప్పేవాడు కాదు.

అట్లాంటివాడికి నడుం నొప్పి వచ్చింది. హమాలీకి నడుం నొప్పి రావడం కూడా ఒక వార్తేనా? మాకెవరికీ చీమ కుట్టినట్టైనా లేదు. నిచ్చెన వాడికి మందు రాసి, నడుం పట్టీ ఒక కన్నం బిగించాడు. కొన్నాళ్ళకి ఇంకో కన్నం బిగించాల్సి వచ్చింది. మనిషి తగ్గిపోతున్నాడని ఎవరికీ తట్టలేదు, పట్టీ సాగిపోయిందనుకున్నాం. ఆకలి లేదంటే, "మీ అత్తగారు వెళ్ళిపోయిందన్న బెంగరా" అని నేనే ఏడిపించాను. బరువులు మోసేవాళ్ళకి నొప్పంటే బరువు వల్ల వచ్చేదే. ఇంకోటి కూడా ఉంటుందని మా బుర్రలకి తోచదు. వాడి కళ్ళు పచ్చబడ్డాక చెల్లెమ్మ బలవంతాన ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు నిచ్చెననీ నన్నూ కూడా లోపలికి పిలిచాడు. గడ్డ నడుంలో కాదు, కడుపు లోపల వెనక వైపున ఉందన్నాడు. చుట్టుపక్కలకి పాకేసిందన్నాడు. కోసి తీసే దశ దాటిపోయింది, నొప్పి తెలియకుండా చూడగలం, అంతే అన్నాడు. ఎన్నాళ్ళని చెల్లెమ్మ అడిగితే నెలల్లో చెప్పాడు, సంవత్సరం అన్న మాట ఎత్తలేదు. బొంగరానికి ముప్పై నిండలేదు. అప్పుడు నిచ్చెన, "మళ్ళీ ఎప్పటినించి బరువులు మొయ్యొచ్చండీ" అని అడిగాడు. డాక్టరు వాడికేసి చూసి, నాకేసి చూసి, తల దించుకున్నాడు.

బయటికొచ్చాక నిచ్చెన మీద అరిచాను. ఏమర్థమైందిరా నీకు అన్నాను. "అన్నీ అర్థమయ్యాయి అన్నా" అన్నాడు వాడు. అర్థమైనట్టు ఎక్కడా కనబడలేదు.

ఎండలు మొదలయ్యేసరికి బొంగరం మంచానికి అతుక్కుపోయాడు. వాళ్ళది మూడో అంతస్తులో అద్దె ఇల్లు. లిఫ్టు లేదు. ఒకరోజు మేమిద్దరం చూడ్డానికి వెళ్తే, దిండుకి ఆనుకుని కూర్చుని అసలు మాట చెప్పాడు.

"రేయ్, నా ఇల్లు దించాలిరా."

"ఎక్కడికి?" అన్నాడు నిచ్చెన.

"మా వదినగారింట్లో కింద గది ఖాళీగా ఉంది. వీధివైపు పెద్ద కిటికీ. ఈవిడ మిషను వేసుకుంటే దారినపోయేవాళ్ళకి కనబడుతుంది, నాలుగు బట్టలొస్తాయి. పక్కన సొంత అక్క ఉంటుంది. ఈ మూడంతస్తుల పైన ఒక్కత్తీ ఏం చేస్తుంది?"

చెల్లెమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ముందు నువ్వు లేచి తిరుగు. అప్పుడు చూద్దాం" అన్నాడు నిచ్చెన.

"నేను తిరగనురా. నేను పోయాక ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు వస్తాడు. ఈవిడ ఓ మూల ఏడుస్తుంటే వాడు గిన్నెలన్నీ గోనెలో కుక్కుతాడు. అద్దాన్ని పడుకోబెట్టి కడతాడు. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ దించినవాణ్ణి, నా ఇల్లు ఎవడో దించుతాడా? నేను చూస్తుండగా నువ్వు దించాలి. బండి నేను సర్దాలి. ఈ ఒక్కటీ చేసి పెట్టు."

"ఈ వారం కుదరదు" అన్నాడు నిచ్చెన, గోడకేసి చూస్తూ. "అన్న బండికి క్లచ్చు పోయింది."

నేను అప్పటికే గుమ్మంలో చెప్పులేసుకుంటున్నాను, ఆ మాట నా చెవిన పడలేదు. పడి ఉంటే కథ అక్కడే తేలిపోయేది. ఎందుకంటే నా బండి గురించి ఒక్క మాట పడను. ఇంజను చప్పుడు కొంచెం తేడాగా వస్తే పక్కన ఆపి చెవి పెట్టి వినేవాణ్ణి. అలాంటి బండికి ఆ తరవాత నిచ్చెన లేనిపోని జబ్బులన్నీ అంటగట్టాడని నాకు ఆలస్యంగా తెలిసింది. క్లచ్చు బాగయ్యాక బ్రేకులు పట్టడం లేదట. బ్రేకులయ్యాక గేర్ల పెట్టెలో ఏదో విరిగిందట. ఇవన్నీ వాడు రోజూ సాయంత్రం బొంగరం మంచం పక్కన కూర్చుని, వాడి కాళ్ళు ఒత్తుతూ చెప్పాడు. పొద్దున్నంతా అదే బండి మీద పని చేసి వచ్చి చెప్పాడు.

ఒక మధ్యాహ్నం నేనొక్కణ్ణే వెళ్ళాను. అప్పటికి బొంగరం గొంతు సన్నబడింది, మొహంలో కళ్ళే మిగిలాయి.

"గేర్ల పెట్టె దొరికిందా అన్నా?" అన్నాడు.

"ఏ గేర్ల పెట్టె?"

"నీ బండిది. ఆ విరిగిన ముక్క ఎక్కడా దొరకట్లేదటగా."

"నా బండికి గేర్ల పెట్టె విరగడమేంటి? ఎవడా కూసింది?" అని లేచాను.

వాడు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ కడుపు పట్టుకున్నాడు, నొప్పికి కళ్ళెంట నీళ్ళు కారుతున్నా నవ్వు ఆగలేదు. "నాకు తెలుసన్నా. మొదటి రోజే తెలుసు. కింద నీ హారను వినబడుతూనే ఉందిగా. వాడెంతవరకు వెళ్తాడో చూద్దామనుకున్నా. ఇంకో వారం పోతే చక్రాలు కూడా ఊడదీసేవాడు" అన్నాడు. కాసేపటికి నవ్వు తగ్గింది. "కానీ నాకు టైము లేదన్నా. నిన్న నా అంతట నేను గుమ్మందాకా నడవలేకపోయాను. వాడికి నువ్వు చెప్పు."

చెల్లెమ్మ గ్లాసులో నీళ్ళు తెచ్చి వాడికి పట్టింది. నన్ను సాగనంపడానికి మెట్లదాకా వచ్చి, "ఆయనకి రాత్రిళ్ళు అదే ధ్యాస అన్నయ్యా. ఏది ముందు ఎక్కించాలి, ఏది తరవాత అని నిద్దట్లో కూడా గొణుగుతున్నారు. నాకు వెళ్ళాలని లేదు, కానీ ఆయన కోసం వెళ్ళాలి" అంది. 

నిచ్చెన ఆ పూట రెండు వీధుల అవతల ఎవరిదో సోఫా దించుతున్నాడు. బొంగరం మంచాన పడ్డాక వాడు కొత్తవాణ్ణి ఎవర్నీ జతకి పెట్టుకోలేదు. ఇంటివాళ్ళనే సాయం పట్టమని చిన్నా చితకా పనులు చేసేవాడు. నేను వెళ్ళేసరికి సాయం పట్టాల్సినవాడు మధ్యలో ఫోనొచ్చి వెళ్ళిపోయాడు కాబోలు, మెట్ల మలుపులో సోఫా అడ్డం పడి ఉంది, దాని మీద నిచ్చెన కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరవకముందే నా మొహం చూసి తల వంచుకున్నాడు.

"నా బండికి గేర్ల పెట్టె విరిగిందట్రా?"

వాడు సోఫా గుడ్డలోంచి దారం పీకుతున్నాడు.

"బ్రేకులు పోయాయట?"

"నన్నేం చెయ్యమంటావన్నా?" అన్నాడు. "మనం ఎన్ని ఇళ్ళు ఖాళీ చెయ్యలేదు? మనిషి పోయిన ఇళ్ళు కూడా చేశాం. బీరువా తీస్తే వెనక గోడ తెల్లగా ఉంటుంది చూడు, మంచం తీస్తే కాళ్ళ గుర్తులుంటాయి చూడు. వాడింట్లో మంచం నేను తీసి, ఆ గుర్తులు నేను చూడాలా? సామాను అక్కడున్నంతసేపూ వాడున్నాడనిపిస్తుంది. దించేస్తే ఇంకేముంది? నేనే పంపించేసినట్టు ఉంటుంది."

వాడు ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, నాకు కోపం తగ్గేది. నాకు వాడి మీద జాలి, బొంగరం మీద జాలి, ఎవరి మీదో తెలియని కోపం అన్నీ కలిసిపోయాయి. నాకు అవన్నీ అరుపులుగానే బయటికొస్తాయి.

"నీ బాధ నువ్వు మోసుకోరా! వాడి నెత్తిన పెట్టకు. తనని బతికించమని వాడు నిన్నడిగాడా? అది నీ చేతిలో లేదు, నా చేతిలో లేదు, ఆ డాక్టరు చేతిలో కూడా లేదు. వాడు అడిగింది ఇల్లు దించమని. నువ్వు రోజూ చేసే పని. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చేస్తావు, వాడికి చెయ్యవా? రేపు పొద్దున్న బండి వాడి గుమ్మం ముందు పెడతాను. నువ్వు రాకపోతే నేనే మోస్తాను."

నిచ్చెన తలెత్తాడు. "నువ్వు మోస్తావా?"

"మోస్తాను."

చాలాసేపు నన్ను ఎగాదిగా చూసి, "ముందు దీని ఆ చివర పట్టుకో అయితే" అన్నాడు. పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో నేను ముట్టుకున్న మొదటి సామాను ఆ దిక్కుమాలిన సోఫా.

మర్నాడు పొద్దున్న మేం వెళ్ళేసరికి బొంగరం చేతుల కుర్చీలో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. చెల్లెమ్మ వాడికి ఉతికిన చొక్కా తొడిగింది. అది వాడి ఒంటి మీద చిలక్కొయ్యకి తగిలించినట్టు వేలాడుతోంది. కిటికీలోంచి చూస్తే సరిగ్గా కింద నా బండి కనబడుతుంది. వాడు నాకు వాడి మోత పట్టీ ఇచ్చాడు. భుజాల మీంచి వేసుకుని బరువు కిందనించి తిప్పుకునే మందపాటి పట్టీ అది. పొట్టివాడు కనక చెల్లెమ్మ దాన్ని మధ్యలో మడిచి మిషను మీద గట్టిగా కుట్టింది. అది వేసుకుంటే నేను సగానికి వంగిపోయాను.

"అన్న నడక చూడరా, గుడ్లు పెట్టే కోడిలా ఉంది" అన్నాడు బొంగరం. నిచ్చెన నవ్వాడు. వాడు నవ్వగా చూసి ఎన్నాళ్ళైందో.

బీరువాతో మొదలుపెట్టాం. "బరువు అడుగన్నా" అన్నాడు నిచ్చెన. మూల లేపి దించాను. ఎత్తాం. మెట్ల దగ్గర వాడు వెనక్కి తిరిగి ఆగిపోయాడు. "పిలవాలన్నా. నువ్వు పిలిస్తే గాని నాకు తెలీదు" అన్నాడు. "మెట్టు" అన్నాను. నా నోటికి ఆ మాట కొత్తగా ఉంది. మెట్టు, మెట్టు, మలుపు. రెండో అంతస్తు మలుపులో గోడ పెచ్చు ఊడి ఉంది. బొంగరం పెళ్ళికి ఇదే బీరువా పైకి తెస్తుంటే వాళ్ళు చేసిన ఘనకార్యమట. ఎవడి తప్పో ఈరోజుకీ తేలలేదని నిచ్చెన చెప్పాడు.

బండి సర్దేటప్పుడు బొంగరం పైనించి చెప్పేవాడు. గొంతు కిందిదాకా రాదు కాబట్టి, వాడు చెప్పింది చెల్లెమ్మ కిటికీలోంచి అరిచేది.

"బీరువా తలుపులు లోపలివైపుకి తిప్పమంటున్నారు! ఫ్రిజ్జు నిలబెట్టే కట్టమంటున్నారు! అద్దం రెండు పరుపుల మధ్య నిలబెట్టమంటున్నారు!"

"ఇంకేమన్నా అన్నాడా?" అని నేను కిందనించి అరిచాను, తాడు ముడి సరిగ్గా పడక తంటాలు పడుతూ.

"అన్నారు అన్నయ్యా. అది నేను చెప్పలేను."

వీధిలో పోయేవాళ్ళు కూడా నవ్వారు. నిజం చెప్పాలంటే ఆ పూట సగందాకా మేం సంతోషంగానే ఉన్నాం. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

గొడవ ఆఖర్లో వచ్చింది. ఇక మంచమూ కుట్టు మిషనూ మిగిలాయి. నిచ్చెన మిషను ఎక్కించి, దాని తరవాత మంచం ఎక్కించి, తాడు కట్టబోయాడు. పైనించి చెల్లెమ్మ గొంతు వచ్చింది, ఈసారి మెల్లిగా. "మంచం ఆఖరున కాదట అన్నయ్యా. మిషను ఆఖరునట."

"మంచమే ఆఖరని చెప్పమ్మా. వెళ్ళగానే వాడు పడుకోవాలి."

ఆవిడ తల లోపలికి తిప్పి, మళ్ళీ బయటికి పెట్టింది. "కాదంటున్నారు."

నిచ్చెన తాడు విసిరికొట్టి మెట్లెక్కాడు. వెనకే నేను వెళ్ళాను. గది ఖాళీగా ఉంది, బీరువా ఉన్నచోట గోడ తెల్లగా ఉంది, నేల మీద మంచం కాళ్ళ గుర్తులు నాలుగూ ఉన్నాయి. మధ్యలో కుర్చీలో బొంగరం.

"నువ్వెంతసేపు కూర్చోగలవురా? వెళ్ళగానే నీకు మంచం వెయ్యొద్దా?" అని అరిచాడు నిచ్చెన. వాడు బొంగరం మీద అరవడం నేను వినడం అదే.

"ఆఖరున ఎక్కించేది ఏంటిరా?" అన్నాడు బొంగరం.

"ముందు కావాల్సింది."

"ముందు ఏం కావాలి?"

"మంచం!"

"మంచం నాకు. నాకెన్నాళ్ళురా? ఆ నాలుగు రోజులూ నేల మీద పరుపేసినా పడుకుంటాను. తనకి రేపు పొద్దున్నించే మిషను కావాలి. తను వెళ్ళేది బతకడానికిరా, నన్ను పడుకోబెట్టడానికి కాదు. నా ఇల్లు నేను సర్దుతున్నాను, తప్పు సర్దనివ్వకు."

చెల్లెమ్మ కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. నిచ్చెన మెట్లవైపు తిరిగాడు. దిగి వెళ్ళి, నన్ను సాయం రానివ్వకుండా ఒక్కడే మంచం దించి, మిషను దించి, మంచం లోపలికి తోసి, మిషను ఆఖరున ఎక్కించాడు. దాని చుట్టూ దుప్పటి చుట్టి, పసిపిల్లని కట్టినట్టు మెత్తగా తాడు కట్టాడు.

మళ్ళీ పైకొచ్చాం. ఇక మిగిలింది బొంగరమే. కుర్చీతో సహా దించాలనుకున్నాం. వాడు కింది వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. నిచ్చెన కుర్చీ ముందు కాళ్ళు పట్టుకున్నాడు, నేను వీపు వైపు పట్టుకున్నాను.

"ఊఁ" అన్నాడు నిచ్చెన.

పొద్దున్నించీ ప్రతి దానికీ నాకు బరువు అడగమని పాఠం చెప్పినవాడు దీనికి అడగలేదు. అడగాలని తోచలేదు. ఎన్నోసార్లు సరదాకి భుజాన వేసుకుని తిరిగిన మనిషి, వాడి బరువు వీడి చేతులకి ఎప్పటినించో తెలుసు. ఆ పాత బరువుకి సరిపడా బలం పెట్టి ఎత్తాడు.

కుర్చీ ఎగిరి వాడి గడ్డం దాకా వచ్చింది. నేను వెనక్కి తూలి గోడకి ఆనుకోబట్టి సరిపోయింది. కుర్చీలో ఏమీ లేనట్టే ఉంది. చెల్లెమ్మ కెవ్వుమంది. నిచ్చెన కుర్చీని గాల్లో అట్లాగే పట్టుకుని నిలబడిపోయాడు. ఆసుపత్రి గదిలో అర్థం కానిదంతా వాడి చేతులకి అప్పుడు అర్థమైంది. వాడి మొహం చూడాలనిపించలేదు, కానీ ఎదురుగా ఉన్నాను గనక చూడక తప్పలేదు.

"బరువు అడక్కుండా ఎత్తావేంట్రా" అన్నాడు బొంగరం మెల్లిగా. "కొత్తవాడిలాగా."

నిచ్చెనకి ఏడుపు అప్పుడొచ్చింది. పెద్ద మనిషి, అంత పొడుగు మనిషి, వెక్కి వెక్కి ఏడ్చాడు. వాడి చేతులు కుర్చీకి ఉన్నాయి, నా చేతులు కుర్చీకి ఉన్నాయి. చేతులు ఖాళీగా ఉన్నది బొంగరం ఒక్కడికే. వాడు ముందుకి వంగి, వదులుగా వేలాడే చొక్కా చేతితో నిచ్చెన కళ్ళు తుడిచాడు, ముక్కు కూడా తుడిచాడు.

"నడువు. మెట్టు" అన్నాడు.

నిచ్చెన వెనక్కి అడుగేశాడు.

"మెట్టు... మెట్టు..."

నేను పిలవాల్సిన పని లేకపోయింది. ఆ సన్నటి గొంతు మూడంతస్తులూ పిలిచింది. మెట్ల మీద వాళ్ళ మొహాలు మళ్ళీ ఒకే ఎత్తుకి వచ్చాయి. మలుపులో పెచ్చు ఊడిన గోడ దగ్గర ఆగమని, బొంగరం దాన్ని చేత్తో తడిమి, "తప్పు నాదేలేరా" అన్నాడు. "మలుపు నేనే లేటుగా పిలిచాను." నిచ్చెన ఏడుస్తూనే "నాకప్పుడే తెలుసు" అన్నాడు.

కొత్త గదిలో ముందు మిషను దిగింది. కిటికీ కింద వేశాం. మంచం దిగేదాకా బొంగరం కుర్చీలోనే కూర్చున్నాడు, ఒళ్ళో పట్టీ పెట్టుకుని. మిషను దెబ్బతినకుండా వచ్చిందో లేదో చూడమని చెల్లెమ్మతో అంటూ ఆ పట్టీ ఆవిడ చేతిలో పెట్టాడు. "ఈ మడత విప్పేసి పొడుగు చెయ్యి. నా అంత పొట్టివాడు వాడికి మళ్ళీ దొరకడు."

ఆవిడ వద్దనలేదు. కుట్టు విప్పింది. పట్టీ అంతా చెమటకి నల్లబడి ఉంటే, మడతలో దాగిన ముక్క మాత్రం కొన్న రోజు రంగులో ఉంది. చివరలు మడిచి మిషను మీద పెట్టి తొక్కింది. ఆ చప్పుడు విని నిచ్చెన బయటికి వెళ్ళి, అప్పటికే విప్పేసిన తాళ్ళన్నీ మళ్ళీ ఒకటొకటిగా చుట్టడం మొదలుపెట్టాడు.

బొంగరం ఆ గదిలో వానలు మొదలయ్యేదాకా ఉన్నాడు. నిచ్చెన రోజూ వెళ్ళేవాడు, బండికి జబ్బుల గురించి మాత్రం మళ్ళీ ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం మిషను తిరుగుతుండగానే బొంగరం పోయాడు. చెల్లెమ్మకి వెంటనే తెలియలేదు. ఎవరిదో చొక్కా కాలరు కుట్టడం పూర్తిచేసి, దారం తెంపి, తల తిప్పి చూసిందట.

నిచ్చెన చాలా రోజులు పనిలోకి రాలేదు. నేనూ రమ్మని పోరలేదు. ఇల్లు దించిన ఆ ఒక్కరోజుకీ నా నడుం నెలంతా పగ సాధించింది గనక నేను జతకి పనికిరాను. చివరికి వాడే ఒక కొత్తవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. మంచివాడే, పొడుగరి. పొడుగు చేసిన పట్టీ వాడికి అతికినట్టు సరిపోయింది.

ఆ రోజు రెండో అంతస్తులోంచి ఒక బీరువా దించాలి. నేను బండిలో కూర్చోలేక వాళ్ళతోపాటు పైకి వెళ్ళి, గుమ్మం పక్కన నిలబడ్డాను. నిచ్చెన బరువు అడిగాడు. ఇద్దరూ ఎత్తారు. నిచ్చెన వెనక్కి నడుచుకుంటూ మెట్ల అంచుదాకా వచ్చి ఆగాడు. కొత్తవాడికి పిలవాలని తెలీదు, ఎందుకు ఆగాడా అని చూస్తున్నాడు. పిలవమని నిచ్చెన చెప్పలేదు. ఒక మడమ గాల్లో ఉంచి, కొత్తవాడి మొహంకేసి కాకుండా, వాడి గుండెల దగ్గర, బొంగరం మొహం ఉండాల్సినచోట చూస్తూ నిలబడ్డాడు. బరువుకి వాడి చేతుల నరాలు ఉబ్బుతున్నాయి, అయినా అడుగు వెయ్యలేదు.

"మెట్టు" అన్నాను నేను.

వాడు దిగాడు.